బాబాయి ఉగాది పచ్చడి కోసం యూజ్‌నెట్‌లో వెతికాను

మొన్న దసరా సెలవులకి రాజమండ్రి వెళ్లాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక బాబాయి పడక్కుర్చీలో వాలి, "అమ్మడూ, ఇంటర్నెట్‌లో ఏదైనా దొరుకుతుందంటావు కదా, నేను రాసినవి దొరుకుతాయా?" అని అడిగాడు. ఏం రాశావు బాబాయ్ అంటే అప్పుడు చెప్పుకొచ్చాడు. 1993లో ఎమ్మెస్ చదవడానికి ఒహాయోలోని కొలంబస్ వెళ్లిన కొత్తల్లో, రాత్రిళ్లు యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చుని తెలుగువాళ్ల న్యూస్‌గ్రూప్ (ఒకరు రాసిన పోస్టుకి అందరూ జవాబులు రాసుకునే చోటు) చదివేవాడట. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకునేవారు. "1995 ఉగాదికి ముందు, వేపపువ్వు లేకుండా పచ్చడి ఎలా చేయాలని అడిగాను. ఎవరో పెద్దాయన చాలా బాగా జవాబు రాశాడు. అది ఒక్కసారి చదవాలనుంది" అన్నాడు.

మామూలుగా గూగుల్‌లో కొట్టి చూశాను. ఏమీ రాలేదు. బాబాయి "పోన్లే" అన్నాడు కానీ ఆయన మొహం చూస్తే నాకు వదిలేయబుద్ధి కాలేదు. నేను కాకినాడలో డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. కంప్యూటర్ మనిషిని కాదు. మూడు వారాల పాటు సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. నాలాగే ఏమీ తెలియకుండా మొదలుపెట్టేవాళ్లకి ఆ మూడు వారాలు కలిసొస్తాయి.

ముందు, అలాంటి న్యూస్‌గ్రూపులు నడిచే యూజ్‌నెట్ అంటే ఏమిటో అర్థం కావాలి. ఇది అర్థం కాక నేను మొదటి వారమంతా వృథా చేసుకున్నాను. అది కూడా వెబ్‌సైటే అనుకుని, దాని చిరునామా ఏమిటా అని వెతికాను. దానికి ఒక్క చిరునామా అంటూ లేదు.

1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు విద్యార్థులకి ఈ ఆలోచన వచ్చింది. పక్కనే ఉన్న నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో స్టీవ్ బెలోవిన్ దానికి మొదటి ప్రోగ్రామ్ రాశాడు. 1980లో నడవడం మొదలైంది. అప్పటికి ఇంటర్నెట్ అందరికీ లేదు. ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌కి టెలిఫోన్ లైన్ మీద డయల్ చేసి, నా దగ్గర కొత్తగా వచ్చినవి ఇవీ, నీ దగ్గర లేనివి తీసుకో అని ఇచ్చేసేది. అది ఇంకోదానికి, అది మరోదానికి.

మన ఊరి సంగతిగా ఊహించుకుంటే నాకు తేలికైంది. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో ఒక రాతపుస్తకం పెట్టారనుకోండి. అలాంటిదే గుంటూరులో ఒకటి, విశాఖలో ఒకటి. ఎవరైనా రాజమండ్రి పుస్తకంలో నాలుగు మాటలు రాస్తే, రాత్రికి గుమాస్తా గుంటూరుకి ఫోన్ చేసి చదివి వినిపిస్తాడు, అక్కడి గుమాస్తా రాసుకుంటాడు. అతను విశాఖకి చెబుతాడు. నాలుగు రోజులు గడిచేసరికి అన్ని ఊళ్ల పుస్తకాల్లోనూ అవే మాటలు. ఏది అసలు, ఏది నకలు అనే తేడా ఉండదు. ఒక ఊళ్లో పుస్తకం నిండి పాత పేజీలు చించేసినా ఇంకో ఊళ్లో ఉండొచ్చు. యూజ్‌నెట్ సర్వర్లు కూడా ఇంతే. కాబట్టి "ఈ పోస్టు ఎక్కడుంది" అని కాకుండా, "దీని కాపీ ఇంకా ఎవరు దాచారు" అని వెతకాలి. ఈ ఒక్క సంగతి మొదటిరోజే తెలిసుంటే నాకు వారం మిగిలేది.

ప్రతి పోస్టుకీ మెసేజ్-ఐడి అని ఒకటి ఉంటుంది. ఆధార్ నంబరు లాంటిది. ప్రపంచంలో ఏ సర్వర్‌లో ఉన్నా ఆ పోస్టుకి అదే ఐడి. ఆ గుమాస్తా "ఈ నంబరుది నీ దగ్గర ఉందా?" అని అడిగేది దీన్నే. ఉంటే వదిలేస్తాడు, లేకపోతే ఇస్తాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ఫైళ్ల దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ అవసరమవుతుంది.

గ్రూపుల పేర్లు ఇంటిపేరుతో మొదలయ్యే మన పేర్లలా పెద్దదాని నుంచి చిన్నదానికి వస్తాయి. మధ్యలో చుక్కలు. కంప్యూటర్ల గురించైతే కాంప్ అని, సైన్సైతే సై అని, సరదాలూ సంగీతమూ అయితే రెక్ అని, సమాజం, సంస్కృతి అయితే సాక్ అని మొదలవుతుంది. 1987లో పేర్లన్నీ ఇలా సర్దారు. ఆ ఏడాదే ఈ పద్ధతికి బయట, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా గ్రూపు పెట్టుకునేలా ఆల్ట్ అనే శాఖ కూడా పుట్టింది. బాబాయి చదివింది సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు. అసలు వెతికేటప్పుడు దీన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో, చుక్కలతో సహా కొట్టాలి. అమెరికాలో, కెనడాలో చదువుకునే మనవాళ్లకి ఆ రోజుల్లో అదే రచ్చబండ.

వెతకడానికి నాకు మూడు దారులు కనిపించాయి.

ఒకటి గూగుల్ గ్రూప్స్. 1995లో డెజా న్యూస్ అనే సంస్థ యూజ్‌నెట్ పోస్టులన్నీ దాచి వెతుక్కునే వీలు కల్పించింది. 2001లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. అంతకు ముందరి కాలం పోస్టులు కూడా తర్వాత కలిశాయి. వాటి కథ నాకు చాలా నచ్చింది. టొరంటో విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర విభాగంలో పనిచేసే హెన్రీ స్పెన్సర్ 1981 నుంచి 1991 వరకు వచ్చిన పోస్టుల్ని 141 మాగ్నెటిక్ టేపుల మీద దాచిపెట్టాడు. ఎవరూ అడగకుండా పదేళ్లపాటు ఓపిగ్గా దాచిన ఆ మనిషికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ గ్రూప్స్‌లో యూజ్‌నెట్ కొత్త పోస్టులు రావు, మనం పెట్టడానికీ లేదు. పాతవి మాత్రం చదువుకోవచ్చు. కాని అక్కడ తేదీని బట్టి వెతకడం నాకు సరిగ్గా కుదరలేదు. ఒక పోస్టు తెరిస్తే దాని వెనకాముందూ ఏముందో తెలియడం లేదు.

రెండోది ఇంటర్నెట్ ఆర్కైవ్. బాబాయి పని ఇక్కడే అయింది. అందులో "యూజ్‌నెట్ హిస్టారికల్ కలెక్షన్" అని ఉంది. శాఖల వారీగా, ఒక్కో గ్రూపుకి ఒక్కో జిప్ ఫైలు. డబ్బు కట్టక్కర్లేదు. సాక్ శాఖలోకి వెళ్లి మన గ్రూపు పేరున్న ఫైలు దించుకున్నాను. జిప్ విప్పితే ఎంబాక్స్ అనే ఫైలు వస్తుంది. అది వేల ఉత్తరాలు ఒకదాని కింద ఒకటి అతికించిన పొడవాటి చుట్ట లాంటిది. నోట్‌ప్యాడ్‌లో తెరవబోతే నా పాత ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. మీరు ఆ పని చేయకండి. థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రామ్ వేసుకుని, అందులో "ఇంపోర్ట్‌ఎక్స్‌పోర్ట్‌టూల్స్ ఎన్‌జీ" అనే యాడ్ఆన్ కలుపుకుంటే, ఎంబాక్స్‌ని లోపలికి తెచ్చుకోవచ్చు. అప్పుడు ఉత్తరాలన్నీ మామూలు ఈమెయిల్స్‌లా వరసగా కనిపిస్తాయి. "థ్రెడ్" అనే ఏర్పాటు పెట్టుకుంటే ఏ ప్రశ్నకి ఏ జవాబో చెట్టుకొమ్మల్లా విడిపోయి కనిపిస్తుంది.

మూడోది ఇప్పటికీ నడుస్తున్న సర్వర్‌కి నేరుగా వెళ్లడం. ఎటర్నల్ సెప్టెంబర్ అనే ఉచిత సర్వర్ ఉంది. దాని సైట్‌లో పేరు నమోదు చేసుకోవాలి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పట్టుకుని థండర్‌బర్డ్‌లో "న్యూస్‌గ్రూప్ అకౌంట్" అని కొత్త అకౌంట్ తెరవాలి. సర్వర్ పేరు, పోర్టు నంబరు (సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబరు లాంటిది) అడుగుతుంది. 563 ఇవ్వండి. 119 కూడా పనిచేస్తుంది గానీ దాంట్లో మన పాస్‌వర్డ్ తెరిచిన ఉత్తరంలా వెళ్తుంది. 563 అయితే కవరు అంటించి పంపినట్టు. తర్వాత అకౌంట్ పేరు మీద రైట్ క్లిక్ చేసి "సబ్‌స్క్రైబ్" నొక్కితే గ్రూపుల జాబితా వస్తుంది, కావాల్సినవి టిక్ పెట్టుకోవడమే. మొదటిసారి గ్రూపు తెరిచినప్పుడు హెడర్లు ఎన్ని దించుకోవాలని అడుగుతుంది. 500 చాలు. అన్నీ అంటే కాఫీ పెట్టుకుని తాగి వచ్చినా అవ్వదు. హెడర్ అంటే ఎవరు, ఎప్పుడు, ఏ విషయం మీద రాశారో చెప్పే పైభాగం. అది చూసి మనకు కావాల్సినదాన్ని తెరిస్తే అసలు విషయం అప్పుడు దిగుతుంది.

ఆ సర్వర్ పేరు వెనక సంగతి చెప్పాలి. అమెరికాలో సెప్టెంబర్‌లో కాలేజీలు తెరుస్తారు. ప్రతి సెప్టెంబర్‌లోనూ కొత్త పిల్లలు యూజ్‌నెట్‌లోకి వచ్చి మర్యాద తెలియకుండా గోల చేసేవారు. నెలా రెండు నెలల్లో పాతవాళ్లని చూసి నేర్చుకునేవారు. 1993 నాటి నుంచి ఏఓఎల్ (అమెరికా ఆన్‌లైన్) లాంటి ఇంటర్నెట్ కంపెనీల చందాదారులు లక్షల్లో రావడంతో ఆ నేర్పేవాళ్లు చాలలేదు. ఆ సెప్టెంబర్ ఇంకా అయిపోలేదని పాతవాళ్లు అనుకునేవారు. బాబాయి ఒహాయో వెళ్లింది సరిగ్గా ఆ సెప్టెంబర్‌కే. ఆ మాట చెబితే, "అయితే నేనూ ఆ గోలలో ఒకడినేనన్నమాట" అని పెద్దగా నవ్వాడు.

ఇప్పుడు నడుస్తున్న గ్రూపుల్లో చాలావాటిలో చప్పుడు లేదు. సి అనే ప్రోగ్రామింగ్ భాష గురించిన కాంప్.లాంగ్.సి లాంటివాటిలో ఇంకా రోజూ మాట్లాడుకుంటున్నారు. మాటలు మాత్రమే కావాలనుకుంటే ఈ ఉచిత సర్వర్ సరిపోతుంది. ఫైళ్లు దీంట్లో ఉండవు.

ఎంబాక్స్ దిగిన రోజు రాత్రి ఒంటిగంట దాకా చదువుతూనే ఉన్నాను. బాబాయి పోస్టు వెతకడం మర్చిపోయాను. "మా అమ్మానాన్న హైదరాబాద్ నుంచి షికాగో వస్తున్నారు, ఇంగ్లిష్ రాదు, అదే విమానంలో ఎవరైనా వస్తుంటే దయచేసి చూసుకోగలరా" అని ఎన్ని పోస్టులో! పద్యంలో ఒక పాదం మర్చిపోయి మిగతా మూడు పాదాలూ రాసి అడిగినవాళ్లు. గోంగూర ఎక్కడ దొరుకుతుందని అడిగినవాళ్లు. కోస్తా, తెలంగాణ, రాయలసీమ మాటల మీద వాదనలు. కొన్నిచోట్ల మాట మీద మాట పెరిగి, చదువుతుంటే నాకే టెన్షన్ వచ్చింది. వీళ్లలో చాలామంది తమ ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు కూడా రాసేశారు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఎవరో కాకినాడలో కూర్చుని చదువుతారని వాళ్లు అనుకుని ఉండరు. అందుకే ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. మీరు దించుకున్నా ఆ మర్యాద పాటించండి.

ఇక వెతకడం. "ఉగాది" అని వెతికితే సగమే వచ్చాయి. ఎందుకంటే ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ మాటని ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. కొందరు ఒక్క ఏ, కొందరు రెండు, కొందరు పెద్ద ఏ, కొందరు ముందు వై చేర్చి యుగాది అని. అందుకని మాటని వదిలి మనిషిని పట్టుకున్నాను. బాబాయికి తన పాత యూనివర్సిటీ లాగిన్ పేరు ఇప్పటికీ గుర్తుంది. "రాసినవారు" అనే చోట అది కొట్టగానే ముప్ఫై ఏడు పోస్టులు వచ్చాయి. ఆ క్షణంలో నా చేతులు వణికాయి. తేదీల వరసలో పెట్టి 1995 మార్చి ఆఖరి వారానికి వచ్చాను. యువ నామ సంవత్సర ఉగాదికి నాలుగు రోజుల ముందు. ఉంది.

రాత మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది. ఆ రోజుల్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం తెలుగువాళ్లు తయారుచేసిన పద్ధతి, ఆర్‌టీఎస్ అంటారు. చిన్న టీ అయితే త, పెద్ద టీ అయితే ట. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. ఇప్పుడు మనం తెలుగు రాయడానికి వాడే లేఖిని కూడా ఆ పద్ధతి మీద నడిచేదే. కాబట్టి బాబాయి పోస్టుని కాపీ చేసి లేఖినిలో అతికించాను. కళ్లముందే తెలుగు అయిపోయింది! మధ్యలో ఉన్న ఇంగ్లిష్ వాక్యాలు మాత్రం అర్థంలేని తెలుగుగా మారతాయి, వాటిని ముందే తీసి పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు ఫైళ్ల సంగతి. యూజ్‌నెట్ అనగానే చాలామంది అడిగేది దీని గురించే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

యూజ్‌నెట్ పుట్టింది మాటలు పంపుకోవడానికి. బొమ్మ గానీ ప్రోగ్రామ్ గానీ దాంట్లో నేరుగా వెళ్లదు. దానికి పాతవాళ్లు కనిపెట్టిన ఉపాయం, ఫైలుని అక్షరాలుగా మార్చి పోస్టులో పెట్టడం. దాన్ని యూయూఎన్‌కోడ్ అంటారు. మూడు బైట్లని నాలుగు అక్షరాలు చేస్తుంది. ఒక్కో వరసలో 45 బైట్లు, అంటే 60 అక్షరాలు. ప్రతి నిండు వరసా ఎం అనే అక్షరంతో మొదలవుతుంది. పాత పోస్టుల్లో ఎడమ పక్కంతా ఎం, ఎం, ఎం అని నిలువుగా కనిపిస్తే అది పాడైన పోస్టు కాదు, ఎవరో పంపిన ఫైలు. ఈ మార్పు వల్ల ఫైలు మూడోవంతు పైనే బరువెక్కుతుంది. 2001లో జర్మనీకి చెందిన యుర్గెన్ హెల్బింగ్ వైఎన్‌క్ అనే కొత్త పద్ధతి తెచ్చాడు. ప్రతి బైటుకీ 42 కలుపుతుంది, ఇబ్బంది పెట్టే కొన్ని అక్షరాలని మాత్రం విడిగా గుర్తుపెడుతుంది. బరువు ఒకటి రెండు శాతమే పెరుగుతుంది. ఇప్పుడు అందరూ వాడేది అదే.

ఒక పోస్టులో పెద్ద ఫైలు పట్టదు. అందుకని ముక్కలు చేస్తారు. ఇప్పుడు మామూలుగా ఒక్కో ముక్క 700 కిలోబైట్లు ఉంటుంది. ఈ ముక్కలన్నీ ఆల్ట్.బైనరీస్ అని మొదలయ్యే గ్రూపుల్లో ఉంటాయి. అవి దాచే సర్వర్లు డబ్బు తీసుకుంటాయి. ఎందుకు తీసుకోవు? రోజుకు వందల టెరాబైట్లు వచ్చి పడతాయి. పెద్ద సర్వర్లలో 6000 రోజులకు పైగా పాతవి కూడా ఉంటాయి. దీన్ని రిటెన్షన్ అంటారు. చందాలు రెండు రకాలు. నెలకింత అని కట్టేది ఒకటి, ఇన్ని గిగాబైట్లు అని ఒకేసారి కొనుక్కునే బ్లాక్ ఇంకొకటి. నాలా నేర్చుకోవడానికి బ్లాక్ మంచిది, అయిపోయేదాకా వాడుకోవచ్చు. నేను మొదట కట్టిన కంపెనీ నుంచి పాస్‌వర్డే రాలేదు. మూడు ఉత్తరాలు రాసినా జవాబు లేదు, డబ్బు పోయింది. రెండోసారి అతి చిన్న బ్లాక్ కొని, అది పనిచేశాకే పెద్దది ఆలోచిద్దామనుకున్నాను. మీరు మొదటిసారే అలా చేయండి.

ఏం దించుకోవాలి? ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతాను. ఆ గ్రూపుల్లో ఉన్నవాటిలో చాలావరకు సినిమాలు, సాఫ్ట్‌వేర్లు, పాటలు. పెట్టినవాళ్లకి వాటి మీద ఏ హక్కూ లేదు. సర్వర్లో ఉంది కాబట్టి తీసుకోవచ్చనుకోకండి. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కులుంటాయి. మా కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లలకి చెప్పే మాటని ఇంటికొచ్చి తప్పలేను.

అందుకని నా ఫైలు నేనే పెట్టి, నేనే దించుకున్నాను. ఆల్ట్.బైనరీస్.టెస్ట్ అనే గ్రూపు ఇలాంటి ప్రయోగాలకోసమే ఉంది. గోదావరి మీద ఆర్చి వంతెన దగ్గర పొద్దున్నే మంచులో నేను తీసుకున్న వీడియో, 210 మెగాబైట్లు. ఎన్‌జీపోస్ట్ అనే ప్రోగ్రామ్ దాన్ని రార్ ఫైళ్లుగా (జిప్ లాంటి మూటలే) విడగొట్టి, సుమారు 300 ముక్కలు చేసి పంపింది. పని అయ్యాక నా చేతికి ఒక చిన్న ఎన్‌జెడ్‌బి ఫైలు ఇచ్చింది.

ఎన్‌జెడ్‌బి తెరిచి చూస్తే వీడియో ఏమీ లేదు. ఆ 300 ముక్కల మెసేజ్-ఐడీలు వరసగా రాసిన జాబితా, అంతే. పైన ఆధార్ నంబరు అన్నాను కదా, అదిక్కడ పనికొచ్చింది. పూర్వం ఎన్‌జెడ్‌బి లేనప్పుడు గ్రూపులో హెడర్లన్నీ దించుకుని, "300లో 17వది" అని రాసినవాటిని ఒక్కొక్కటీ ఏరుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ జాబితాని సాబ్‌ఎన్‌జెడ్‌బి అనే ఉచిత ప్రోగ్రామ్‌కి ఇస్తే, సర్వర్‌ని ఒక్కో నంబరు అడిగి తెచ్చి, కలిపి, రార్ విప్పి, ఫోల్డర్‌లో పెట్టేస్తుంది. సాబ్‌ఎన్‌జెడ్‌బి మొదటిసారి తెరిచినప్పుడు సర్వర్ పేరు, 563, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎన్ని కనెక్షన్లు అని కూడా అడుగుతుంది. మీ చందాలో ఎన్ని అని రాసుంటే అంతకు మించి ఇవ్వకండి, సర్వర్ తోసేస్తుంది.

ముక్కలు కొన్ని పోతే? పాతవాటిలో పోతుంటాయి. హక్కుదారులు ఫిర్యాదు చేస్తే కూడా సర్వర్లు తీసేస్తాయి. దానికి పార్2 అనే ఏర్పాటు ఉంది. ఫైలుతోపాటు కొన్ని అదనపు బ్లాకులు పంపుతారు. అవి ఫలానా ముక్కకి నకలు అని కాదు. అన్ని ముక్కల్నీ కలిపి లెక్కగట్టిన అంకెలు. రీడ్-సాలమన్ అనే గణితం. పది బ్లాకులు పోతే, మిగిలిన పార్2 బ్లాకుల్లో ఏ పదైనా చాలు, పోయినవి తిరిగి వస్తాయి. నాకు నమ్మకం కలగక పరీక్షించాను. దించుకున్న రార్ ఫైళ్లలో ఒకటి కావాలని చెరిపేసి పార్2 నడిపించాను. రెండు నిమిషాలు లెక్కలు వేసుకుని, చెరిపేసిన ఫైలుని అక్షరం పొల్లుపోకుండా మళ్లీ తయారుచేసింది. అంకెలతో బతికే మనిషిని, ఆ లెక్క నాకు ఎంత అందంగా అనిపించిందో చెప్పలేను. మర్నాడు క్లాసులో కూడా చెప్పాను.

రెండు జాగ్రత్తలు. వీడియో అని చెప్పి లోపల ఈఎక్స్ఈ ఫైలు (నొక్కితే నడిచే ప్రోగ్రామ్) ఉంటే ముట్టుకోకుండా చెరిపేయండి. రార్ విప్పడానికి పాస్‌వర్డ్ కావాలి, ఫలానా సైట్‌కి వెళ్లి తీసుకోండి అని ఉంటే అది వల. వెళ్లకండి.

ఇక బాబాయి పచ్చడి దగ్గరికి వస్తాను. ఆయన ప్రశ్న కింద ఐదు జవాబులున్నాయి. ఒకావిడ, ఇండియన్ షాపులో ఎండిన వేపపువ్వు దొరుకుతుంది, అడిగి చూడమంది. ఒకాయన, మామిడికాయ బదులు గ్రానీ స్మిత్ ఆపిల్ వేయమన్నాడు. బాబాయి చెప్పిన పెద్దాయన జవాబు మాత్రం లేదు. ఆ థ్రెడ్ చూస్తే తెలిసింది. ప్రతి జవాబు హెడర్‌లోనూ "రెఫరెన్సెస్" అని, అది ఏయే పోస్టుల తర్వాత వచ్చిందో వాటి ఐడీలుంటాయి. రెండు జవాబుల్లో ఒక ఐడి ఉంది, ఆ ఐడి గల పోస్టు మాత్రం ఫైలులో ఎక్కడా లేదు. గూగుల్ గ్రూప్స్‌లోనూ లేదు. అది దాచిన సర్వర్ ఏదీ మిగలలేదన్నమాట.

కాని అప్పటివాళ్లు జవాబు రాసేటప్పుడు అవతలివారి మాటల్ని ముందు ఒక గుర్తు పెట్టి ఎత్తి రాసేవారు. ఆ రెండు జవాబుల్లో ఒకావిడ పెద్దాయన మొదటి పేరా ఎత్తి రాసింది. ఇంకొకాయన చివరి పేరా. రెండూ కలిపి లేఖినిలో పెట్టి బాబాయికి ఫోన్లో చదివాను. "చేదు లేని ఉగాది పచ్చడి చేసుకోకు నాయనా. వేపపువ్వు లేకపోతే గుప్పెడు మెంతులు దోరగా వేయించి పొడి కొట్టి చిటికెడు వెయ్యి." చివర, "పరాయి దేశంలో ఉన్నావని పండగ మానకు. ఒక్కడివే ఉన్నా గిన్నెలో ఇద్దరికి సరిపడా చెయ్యి, ఎవరో ఒకరు వస్తారు."

అవతలి నుంచి చాలాసేపు మాట రాలేదు. తర్వాత అన్నాడు, "ఆ రోజు నిజంగానే ఇద్దరు వచ్చారు."

మధ్య పేరా ఇంకా దొరకలేదు. అందులో బెల్లం ఎప్పుడు వేయాలో ఉందని బాబాయి అంటాడు. అరటిపండు ముక్కల సంగతి కూడా ఉందట. పిన్ని ఏమో, అరటిపండు ఈయన కల్పించుకున్నదే అంటుంది. ఇది చదివేవాళ్లలో ఆ రోజుల్లో ఆ గ్రూపు చదివి, నచ్చిన పోస్టుల్ని ఫ్లాపీల్లోనో, పాత యూనివర్సిటీ మెయిల్ ఫోల్డర్‌లోనో దాచుకున్నవారు ఉంటే, 1995 మార్చి ఆఖరి వారానివి ఒకసారి తీసి చూడండి. మెసేజ్-ఐడి నా దగ్గర రాసిపెట్టి ఉంది, అడిగితే పంపుతాను.